సారా బట్టీ లేని మ్యాపు

ఏటా చలి తగ్గి ఎండ ఇంకా ముదరకముందే డ్రిల్లు మాస్టారు క్రీస్తుదాసు ఇంట్లో మ్యాపులు ఎండబెట్టే పని పడేది. వెదురు గొట్టాల్లోంచి ఒక్కొక్కటీ తీసి, వేపాకు దులిపి, నులక మంచం మీద పరిచి, మూలలకు గులకరాళ్లు పెట్టేవాడు. కాకి వాలకుండా భార్య రెబెక్కమ్మ కర్ర పట్టుకుని పక్కన కూర్చునేది. వడియాలు పెట్టుకోవాల్సిన మంచం ఇది అని ప్రతి ఏడూ ఆమె సణిగేది. ప్రతి ఏడూ ఆయనకు వినపడేది కాదు.

జువ్వలదిన్నె దగ్గర మిషన్ బడిలో ఆయన స్కౌటు పిల్లలకు దారి కనుక్కునే పందెం పెట్టేవాడు. చేతికో మ్యాపూ దిక్సూచీ ఇచ్చి ఇసుక దిబ్బల్లోకి తోలితే, మ్యాపులో గుర్తు పెట్టిన చోట్లన్నీ వెతుక్కుని, అక్కడ పాతిన జెండాల రంగులు చెప్పాలి. తుపాను గాలికి దిబ్బలు జరుగుతుంటాయి కాబట్టి ఏ ఏటి మ్యాపు ఆ ఏడే పనికొచ్చేది. మాస్టారు మళ్లీ దిబ్బలన్నీ నడిచి కొత్తది గీసేవాడు. పాతది పారెయ్యడానికి మాత్రం ప్రాణం ఒప్పేది కాదు. కావలి, అల్లూరు మాస్టార్లు పారెయ్యబోయేవి కూడా బతిమాలి తెచ్చుకుని గొట్టాల్లో దాచేవాడు.

నడిచి గీసిన మ్యాపు ఒంటిమీద ఉంటే ఆ మ్యాపులోని నేలే కాళ్ల కింద ఉంటుందన్నది ఆ చుట్టుపక్కల అందరికీ తెలిసిన సంగతే. యాభై ఏడు నాటి మ్యాపు పట్టుకుని వెళ్లి ఆడవాళ్లు ఎప్పుడో ఇసుకలో పూడిపోయిన మంచినీళ్ల బావిలోంచి నీళ్లు తోడుకొచ్చేవాళ్లు. తడిచేతులతో పట్టుకోవద్దని మాస్టారు అరిస్తే, సరే సరే అని తడిచేతులతోనే తిరిగిచ్చేవాళ్లు. మ్యాపులో గీసింది ఉంటుంది, గీయనిది ఉండదు. యాభై ఎనిమిదిలో ఆయన బడి కక్కసు గీయడం మరిచిపోయాడు. పందెం రోజున పిల్లలు పడ్డ అవస్థ తలుచుకుని ఊరు చాలాకాలం నవ్వుకుంది.

అరవైలో వదిలింది మాత్రం మరిచిపోయి కాదు. ఆ ఏడు పందెం చూడ్డానికి నెల్లూరు నుంచి స్కౌటు పెద్దలు వచ్చారు. సరుగుడు తోపు మధ్యలో దొంగ సారా బట్టీ ఉంది. సర్కారు సారా నిషేధించిన రోజులు. బట్టీలు తోపుల్లో చేరాయి. మిషన్ బడి మ్యాపులో సారా బట్టీ ఏం బాగుంటుంది? మాస్టారు అక్కడ ఏమీ గీయకుండా ఊరుకున్నాడు.

రెండేళ్ల తర్వాత, మ్యాపులు మంచం మీద ఎండుతుండగా, మస్తానమ్మ మూట చంకన పెట్టుకుని వచ్చి గడప దగ్గర నిలబడింది. సముద్రంలో చేపల వేటకు పోయే ముత్యాలయ్య భార్య ఆమె.

"పోయొస్తానమ్మగారూ. పిలకాయల్ని తీసుకుని కోవూరు పోతా ఉండా, మా తమ్ముడి కాడికి. నాట్లకు పోయి బతుకుతా."

"మళ్లీ తాగొచ్చినాడా?" అంది రెబెక్కమ్మ.

"తాగని రోజేది? నిన్న అన్నం కుండ ఎత్తి ఇసకలో కొట్టినాడు. చిన్నది ఆ ఇసకలో మెతుకులు ఏరుకుంటా ఉంటే చూళ్లేకపోయినా."

రెబెక్కమ్మ కర్ర కింద పెట్టి మంచం వంక చూసింది. "ఏమండీ, అరవై నాటిది ఏది?"

మాస్టారికి వెంటనే అర్థమైంది. "అది పందేనికి గీసింది. చేపల నీచులో పడితే నెల తిరక్కుండా చీకిపోతుంది."

"చిన్నది మెతుకులు ఏరుకున్న మాట మీకూ వినపడింది గదా?"

వినపడింది. పన్ను పీకించుకునేవాడిలా మొహం పెట్టి, ఆయనే ఆ మ్యాపు తీసిచ్చాడు. "మడత పెట్టబాకమ్మా. మడత పడిన చోట వాగు పడుద్ది" అని మాత్రం చెప్పాడు. మస్తానమ్మ దాన్ని తారుగుడ్డలో పెట్టి, మొగుడు భుజాన మోసే చేపల తట్ట అడుగున పరిచి కుట్టింది. మూట విప్పలేదు గానీ, ప్రయాణం ఆపింది.

ఆ సాయంత్రం ముత్యాలయ్య చేపలమ్మి, సావాసగాళ్లతో తోపులోకి నడిచాడు. బట్టీ దగ్గరికి చేరేసరికి వాళ్లు కనపడలేదు. పొగా లేదు, వాసనా లేదు, వట్టి ఇసుక. పోలీసులు ఎత్తేశారేమో అనుకుని ఇంటికి వచ్చేశాడు. మర్నాడూ అంతే. పొద్దుండగానే ఇల్లు చేరే నాన్న ఎలా ఉంటాడో తెలియని చిన్నది మొదట తలుపు చాటుకు పోయింది. తర్వాత తర్వాత చెంబుతో నీళ్లు తెచ్చి ఇవ్వడం నేర్చుకుంది.

అలా కొన్నాళ్లు గడిచాక, ఒక సాయంత్రం వెతికి వెతికి అలిసిపోయి, కాస్త కూర్చుందామని తట్ట దించాడు ముత్యాలయ్య. గుప్పున వాసన కొట్టింది. ఎదురుగా కుండలు, పొయ్యి, సావాసగాళ్లు. తట్ట ఎత్తితే ఇసుక. దించితే బట్టీ. సంగతి తెలిసిపోయింది. ఆ రోజు తట్ట అక్కడే ఉంచి పూటుగా తాగాడు. మస్తానమ్మ తెల్లారే పోదామని పిల్లలకు తలలు దువ్వి పడుకోబెట్టింది.

ఇంకా పూర్తిగా తెల్లారకముందే ముత్యాలయ్య తట్టతో మాస్టారి ఇంటికొచ్చాడు. మ్యాపు ఎందుకిచ్చారని తగువుకొచ్చాడేమోనని రెబెక్కమ్మ కంగారుపడింది. అతను తారుగుడ్డ విప్పి మ్యాపు చూపించాడు. అంచులు చీకిపోయాయి, ఒక మూల చినిగి వేలాడుతోంది. మాస్టారు ఆ మూలను వేలితో సర్దబోయాడు.

"ఇది తెగిపోతా ఉంది సార్. ఇంకోటి గీసియ్యండి, గట్టి కాగితం మీద" అన్నాడు ముత్యాలయ్య. "మస్తానమ్మ ప్రయాణం కడతా ఉంది. రాత్రి నేనింటికి పోయినప్పుడు చిన్నది మళ్లీ తలుపు చాటుకు పోయింది."

ఆ మాటకు మాస్టారు ఇక మ్యాపు సంగతి ఎత్తలేదు. "చూసి గీస్తే పనికిరాదురా. నడవాల. తాడు పట్టుకో, పోదాం" అన్నాడు. "నువ్వు బోయి ఈ పూటకు ఆగమని చెప్పు మస్తానమ్మకు" అని భార్యతో అని బయల్దేరాడు.

ఇద్దరూ దిబ్బలు కొలుచుకుంటూ పోయారు. ముత్యాలయ్య తాడు లాగేవాడు, మాస్టారు గీసేవాడు. తోపు మధ్యకు వచ్చేసరికి గీయడం పూర్తయిన మ్యాపేదీ ఒంటిమీద లేదు గనుక బట్టీ ఎప్పట్లాగే ఉంది. పొయ్యి దగ్గరున్నవాడు "రా అన్నా" అని పిలిచాడు. ముత్యాలయ్య అటు చూశాడు, తాడు మాత్రం వదల్లేదు.

"ఇక్కడ ఖాళీ వదిలేస్తున్నా" అన్నాడు మాస్టారు.

"వద్దు సార్. ఖాళీ వదిలినా నా కాళ్లు ఈడికే వస్తా ఉండాయి. వచ్చి నిలబడితే దించబుద్దవుతుంది. మా ఇల్లు ఈడ ఎయ్యండి."

మాస్టారు పెన్సిలు ఆపేశాడు. "లేనిది ఎన్నడూ గీయలేదురా నేను."

"ఉండే ఇల్లే గదా సార్. కొంచిం జరపండి, అంతే. దిబ్బలు జరగడంలా?"

మాస్టారు ఆ కుండల వంక ఒకసారి చూసి, పెన్సిలు మళ్లీ కాగితం మీద పెట్టాడు. "వాకిలి ఎటు?" అని అడిగాడు.

"సముద్రం దిక్కు" అన్నాడు ముత్యాలయ్య.

ఆ సాయంత్రం చేపలమ్మి, కొత్త మ్యాపున్న తట్ట భుజానేసుకుని, అతను ఎక్కడా ఆగకుండా తిన్నగా బట్టీ దగ్గరికి నడిచాడు. మస్తానమ్మ వాకిట్లో చేపలు తోముతోంది. తలెత్తి చూసి, కాళ్లు కడుక్కోమంది. చిన్నది చెంబు తెచ్చింది. అతను ఒక చేత్తో తట్ట పట్టుకుని, రెండో చేత్తో కాళ్లు కడుక్కుని, అలాగే అన్నానికి కూర్చున్నాడు.

"తట్ట దించవా నాయనా?" అంది చిన్నది.

"వద్దులే అమ్మా. బరువేం లేదు" అన్నాడు ముత్యాలయ్య, కంచం దగ్గరికి జరుపుకుంటూ.