ఆరుగురి వంతు గోధుమలు

శనివారం అమ్మ అస్థికలు తీస్తారని మాకు సోమవారం కబురు వచ్చింది. మంగళవారం అతిథులు దిగాల్సి ఉంది.

రెండూ ఒకే వారంలో పడడానికి కారణం పొలిక్సెని అత్త. ఆమె మహిళా సంఘానికి పెద్ద. ఊళ్ళోకి అతిథుల రాకపోకలన్నీ ఆమె చేతుల మీదుగానే జరుగుతాయి. అస్థికలు తీసేది పోయినవాళ్ళను తలుచుకునే ఆత్మల శనివారం నాడే, అది ఈస్టర్‌ను బట్టి ఏటా మారుతుంది. అత్త నిరుటి కాలెండర్ చూసి, అది వచ్చే వారమేగా అనుకుని, ఈ వారానికి ఆరుగురికి మాట ఇచ్చేసింది. ఫాదర్ యెరాసిమోస్ ఒక్కరే ఆరు ఊళ్ళకు తిరగాలి. మా వంతు తప్పిపోతే మళ్ళీ చలి మొదలయ్యేదాకా రాలేరు.

“తలకు గుడ్డ కట్టుకోవడం మానేశాక నీ బుర్రకు గాలి మరీ ఎక్కువ తగులుతున్నట్టుంది,” అంది నాయనమ్మ.

“నీ కోడలి కోసం నా చేతుల్తో నేనే తవ్వుతాను పెద్దమ్మా. తిట్లు మాత్రం ఆదివారం దాకా దాచిపెట్టు,” అంది అత్త.

మా కొండ ఊళ్ళలో సమాధి ఎవరికీ శాశ్వతం కాదు. రాళ్ళ మధ్య ఉన్న ఆ కాస్త మట్టీ అందరికీ సరిపోవాలి. ఐదేళ్ళకు తవ్వి, అస్థికలు తీసి, వైనుతో కడిగి, రేకుపెట్టెలో పెట్టి చర్చి వెనక గదిలో అరల మీద ఉంచుతారు. అమ్మ పోయినప్పుడు నాకు పదకొండేళ్ళు. మూత తీసిన శవపేటిక చుట్టూ ఊరంతా నిలబడింది. నన్ను మాత్రం పొలిక్సెని అత్త ఇంట్లో కూర్చోబెట్టి, చేతిలో ఊలు ఉండ పెట్టి చుట్టమన్నారు. నేను సాయంత్రం దాకా చుట్టాను. అందుకే ఈ శనివారం కోసం ఎవరికీ చెప్పకుండా ఎదురుచూశాను. ఈసారి నన్ను పంపించెయ్యరు. ఈసారి అమ్మ దగ్గర నేను ఉంటాను.

అతిథులు బస్సు దిగి రెండు గంటలు మెట్లదారిన నడిచి వచ్చారు. మా ఊళ్ళో హోటల్ లేదు. ఇంటికి ఇద్దరు చొప్పున మూడు ఇళ్ళలో దిగుతారు. ఇంట్లో వాళ్ళు తిన్నదే తింటారు, ఇంట్లో వాళ్ళు చేసే పనే చేస్తారు. ఈ పద్ధతి పెట్టింది అమ్మే. కింద ఏటి మీది వంతెన దాకా ముళ్ళపొదలు కొట్టించి, పాత రాతిమెట్లను మళ్ళీ నడవగలిగేలా చేసిందీ ఆమే. ఊరు వదిలేద్దామనుకున్న రెండు కుటుంబాలు ఆగిపోయాయి. మూతపడాల్సిన బడి నా చదువు అయ్యేదాకా నడిచింది. చివరి ఏడాది ముగ్గురమే పిల్లలం.

మా ఇంటికి వచ్చినవాళ్ళు హాలండ్ నుంచి వచ్చిన మరైకె, ఆమె భర్త హెంక్. ఆమె నర్సుగా పనిచేసి మానేసింది. ఆయన చాలా పొడుగు. మా గుమ్మం దగ్గర మొదటి రోజే రెండుసార్లు తల కొట్టుకున్నాడు. పొద్దున మా నాన్న స్తెర్యోస్‌తో పాటు కూలిన గోడ కట్టడానికి వెళ్ళాడు. నాన్న మేస్త్రీ. అమ్మ పోయాక ఆయన మాటలు రాళ్ళ గురించి తప్ప ఎక్కువ ఉండవు.

“ఆ రాయిని అలా ఒళ్ళో పెట్టుకుని కూర్చోకండి. అదేం పెళ్ళికూతురు కాదు,” అన్నాడు నాన్న. నేను ఇంగ్లీషులో చెప్పాను. హెంక్ నవ్వి రాయిని గోడ మీద పెట్టాడు. ఊళ్ళో ఇంగ్లీషు వచ్చింది నాకొక్కదానికే. అటూ ఇటూ వేరేవాళ్ళ మాటలు చేరవెయ్యడం నాకు కష్టం కాదు. నా మాట నేను చెప్పుకోవడమే కష్టం.

బుధవారం రాత్రి భోజనాల దగ్గర నాయనమ్మ రొట్టె పక్కన పెట్టి నా వైపు తిరిగింది.

“శనివారం వాళ్ళు మనతో రావాలని చెప్పు. ఆరుగురూ. మిగతా ఇళ్ళలో వాళ్ళకూ వీళ్ళనే చెప్పమను. మీ అమ్మ ఆంథూలా పేరు మీద గోధుమలు తినాలి. మన ఊళ్ళో ప్రతి ఒక్కడికీ దానితో ఏదో ఒక తగాదా ఉండేది. దారి ఇటు ఎందుకు, అటు ఎందుకు అని. వీళ్ళకు ఏ తగాదా లేదు. వీళ్ళ నోట వచ్చిన మాట నేరుగా పైకి పోతుంది.”

అస్థికలు తీసిన రోజు ఉడికించిన గోధుమల్లో చక్కెర, దానిమ్మ గింజలు, అక్రోటు కలిపి పంచుతారు. తిన్న ప్రతివాళ్ళూ “దేవుడామెను క్షమించాలి” అనాలి. ఎన్ని నోళ్ళు అంటే పోయినవాళ్ళకు అంత తేలిక. మా ఊళ్ళో గోధుమలు అయిపోయేదాకా పెట్టెకు మూత వెయ్యరు.

మరైకె నా మొహంలోకే చూస్తోంది. ఆమె మెడలో కెమెరా ఉంది. ఆ కెమెరా సమాధి పక్కన, ఆ పొడుగాటి మనిషి అమ్మ మీదికి వంగి... ఊహించుకోలేకపోయాను.

“శనివారం ఇంట్లో వాళ్ళం మాత్రమే ఉండే పని ఒకటి ఉందట,” అన్నాను ఇంగ్లీషులో. “మీ ఆరుగురూ వంతెన దగ్గరికి వెళ్ళి రమ్మంటోంది నాయనమ్మ. భోజనం కట్టిస్తుందట.”

మరైకె వెంటనే గుండె మీద చెయ్యి పెట్టుకుని నాయనమ్మకు తల వంచింది.

“చూశావా ఎంత మర్యాదో,” అంది నాయనమ్మ సంతోషంగా. “అడగ్గానే ఒప్పుకుంది.”

శుక్రవారం పొద్దున మరైకె మా వంటింట్లో కూర్చుని నాయనమ్మతో కలిసి గోధుమల్లో రాళ్ళు ఏరింది. ఒకరి భాష ఒకరికి రాదు. నాయనమ్మ వేళ్ళు మడుస్తూ లెక్క చెప్పింది. ఊళ్ళో వాళ్ళం పదిహేడుగురం, ఫాదర్‌తో పద్దెనిమిది, అతిథులు ఆరుగురు. మరైకె వేళ్ళు చూసి తల ఊపింది. ఏం అర్థమైందో ఆమెకు. నేను దానిమ్మ గింజలు ఒలుస్తున్నాను. ఆమె లేచి వెళ్ళేటప్పుడు నా భుజం తట్టి, “ఎవరి కోసమో గానీ, వాళ్ళంటే మీకు చాలా ప్రేమ ఉన్నట్టుంది,” అంది. నేను గిన్నెలోకే చూశాను.

శనివారం ప్రార్థన అయ్యేసరికి పదిన్నర. అతిథులు అప్పటికే కిందికి దిగి వెళ్ళిపోయారు. సమాధుల తోటలో మొదట నాన్న తవ్వాడు. పార కింద చప్పుడు మారగానే ఆగి, పారను అత్తకు ఇచ్చి, గోడ దాకా నడిచి అటు తిరిగి నిలబడ్డాడు. ఆ తర్వాతిది ఆడవాళ్ళ పని. పొలిక్సెని అత్త పార పక్కన పడేసి, మోకాళ్ళ మీద కూర్చుని చేతులతో మట్టి తీసింది. నాయనమ్మ ఒడ్డున కూర్చుని సన్నగా పాడుతోంది.

“వచ్చింది పెద్దమ్మా,” అంది అత్త.

నాయనమ్మ పాట ఆపి, “రా కోడలా, రా. ఐదేళ్ళు చీకట్లో ఉన్నావు,” అంది.

ఎముకలు తేనెరంగులో, శుభ్రంగా ఉన్నాయి. ఆడవాళ్ళందరూ ఒక్కసారి ఊపిరి వదిలారు. అలా రావడం మంచిదంటారు. అమ్మ తలను అత్త తెల్లటి గుడ్డలో చుట్టి నాయనమ్మకు ఇచ్చింది. నాయనమ్మ ముద్దు పెట్టుకుని నాకు అందించింది. నా చేతులు రెండూ జేబుల్లో ఉన్నాయి. తియ్యడానికి చాలాసేపు పట్టింది. అందరూ ఆగారు. ఎవరూ తొందర చెయ్యలేదు. చివరికి తీసుకున్నాను. గుడ్డలోంచి తడిమట్టి వాసన వచ్చింది. నేనూ ముద్దు పెట్టుకున్నాను. భయం వెయ్యలేదు. వైను పోసి కడిగేటప్పుడు ఒక్కొక్కటీ నేనే పట్టుకున్నాను.

చర్చి గోడ నీడలో గోధుమలు పంచారు. పద్దెనిమిది మందీ దోసిలి పట్టి తిన్నారు, అనాల్సింది అన్నారు. పళ్ళెంలో నాలుగో వంతు మిగిలింది. రేకుపెట్టె పక్కనే మూత తీసి ఉంది.

నాయనమ్మ మెట్లదారి వైపు చూసింది. “వీళ్ళెక్కడ ఆగిపోయారు? ఎండకు భయపడ్డారా? అసిమినా, వెళ్ళి పిలుచుకురా.”

“రారు నాయనమ్మా.”

“ఏం?”

“నేనే వద్దన్నాను. నువ్వు రమ్మంటే, వద్దన్నావని నేను చెప్పాను.”

అత్త ఏదో అనబోయింది. నాయనమ్మ చెయ్యెత్తి ఆపింది.

“ఎందుకు?”

“వాళ్ళు అమ్మను చూడడం నాకు ఇష్టం లేదు.”

నాయనమ్మ పళ్ళెం వైపు చూసింది. కోప్పడితే బాగుండేది.

“చూడడానికి పిలిచానా నేను?” అంది. “తినడానికి పిలిచాను. ఈ ఆరుగురి వంతూ కాకులకు వెయ్యనా? ఆరుగురు అనాల్సిన మాట ఎవరంటారు, నువ్వంటావా? నీ వంతు నువ్వు తినేశావు.”

ఫాదర్ యెరాసిమోస్ గడియారం చూసుకున్నారు. రెండింటికి ఆయన పక్క ఊరికి బయల్దేరాలి. ఆయన లేకుండా మూత పెట్టరు.

“కిందికి అరగంట, పైకి ముప్పావు గంట,” అంది అత్త. “నా మోకాళ్ళకైతే సాయంత్రం అవుతుంది. నువ్వే పోవాలి పిల్లా.”

మిగిలిన గోధుమలు గిన్నెలోకి ఎత్తి, గుడ్డ కట్టి, నేనే పట్టుకెళ్ళాను.

మెట్లు దిగుతున్నంతసేపూ ఇంగ్లీషులో వాక్యాలు కూర్చుకున్నాను. వంతెన కనిపించేసరికి ఒక్కటీ మిగల్లేదు. ఆరుగురూ ఏటి ఒడ్డున నీడలో కూర్చుని నాయనమ్మ కట్టించిన జున్నూ రొట్టే తింటున్నారు. నన్ను చూసి మరైకె లేచింది.

“ఏమైంది? నాయనమ్మకు బాగానే ఉందా?”

“నేను మీతో అబద్ధం చెప్పాను,” అన్నాను. ఆ తర్వాత మాటలు వాటంతట అవే వచ్చాయి. తప్పుల తడకే, కానీ వచ్చాయి. ఇవాళ అమ్మ అస్థికలు తీశారని చెప్పాను. నాయనమ్మ అందరినీ రమ్మందని, నేను మార్చి చెప్పానని చెప్పాను. గిన్నెలో ఉన్నదేమిటో, తిని ఏమనాలో, ఎందుకనాలో చెప్పాను.

మరైకె మెడలోంచి కెమెరా తీసి సంచిలో పెట్టేసింది.

హెంక్ టోపీ తీశాడు. “అమ్మాయ్, నేనొకటి చెప్పాలి. నేను దేవుణ్ణి నమ్మను. అబద్ధంగా అంటే మీ అమ్మకు మేలా, కీడా?”

నాకూ తెలియదు. “నాయనమ్మ మిమ్మల్ని నమ్మమనలేదు,” అన్నాను. “తినమంది.”

ఆయన చెయ్యి చాపాడు. ఆ పెద్ద చేతిలో నా గుప్పెడు గోధుమలు చాలా కొంచెంగా కనిపించాయి. నిలబడి తిన్నాడు.

“ఆమె పేరేంటి?”

“ఆంథూలా.”

“ఆంథూలాను దేవుడు క్షమించాలి,” అన్నాడు మా భాషలో. నేను చెప్పినట్టే, ఒక్కొక్క మాటా కూడబలుక్కుని. తర్వాత మరైకె అంది. తర్వాత మిగిలిన నలుగురు. ఒకామె ఏడ్చింది. ఎందుకో నేను అడగలేదు. గిన్నె అడుగున మిగిలిన చక్కెర కూడా మరైకె వేలితో తీసి నోట్లో పెట్టుకుంది.

“ఇప్పుడు మేం పైకి రావచ్చా?” అంది. “మీ నాయనమ్మ పిలిచిందన్నావుగా.”

పిలిచింది. అది నిజం. తలూపితే సరిపోయేది. ఎప్పుడూ తలూపేదాన్నే.

“నాయనమ్మ రమ్మంది,” అన్నాను. “నాకు మాత్రం మీరు రాకుండా ఉంటేనే బాగుంటుంది. ఇది నేను చెప్తున్నాను. ఆమె కాదు.”

మరైకె నా వైపు చూసింది. బుధవారం నాయనమ్మకు వంచినట్టు తల వంచలేదు. “సరే,” అంది. “సాయంత్రం దాకా ఇక్కడే ఉంటాం. నువ్వు త్వరగా వెళ్ళు.”

మెట్లు ఆగకుండా ఎక్కి పైకి చేరాను. ఫాదర్ గాడిద మీద సంచి సర్దుకుంటున్నారు. నాయనమ్మ గిన్నె తీసుకుని లోపల చూసింది.

“ఆరుగురూ తిన్నారా?”

“ఆరుగురూ.”

“అన్నారా?”

“పేరు పెట్టి అన్నారు.”

“మరి పైకి రాలేదేం?”

“నేను వద్దన్నాను. ఈసారి నీ పేరు చెప్పలేదు.”

నాయనమ్మ గిన్నెను నడుముకు కట్టుకున్న గుడ్డతో తుడిచి పక్కన పెట్టింది. మంచిదనీ అనలేదు, తప్పనీ అనలేదు. “అబద్ధం సంగతి ఫాదర్‌తో నువ్వే చెప్పుకో,” అని మాత్రం అంది. ఫాదర్ వినపడనట్టు గాడిద పట్టీ బిగించుకున్నారు. తర్వాత వచ్చి ప్రార్థన చదివి, మూత పెట్టమన్నారు.

నాన్న గోడ దగ్గరి నుంచి వచ్చాడు. పెట్టెలోకి ఒక్కసారే చూశాడు. మూత పెట్టి, అరచేత్తో నాలుగు మూలలా నొక్కి, పెట్టెను నా చేతుల్లో పెట్టాడు. ఇంత తేలికగా ఉంటుందని నేను అనుకోలేదు.

చర్చి వెనక గది గుమ్మం చాలా పొట్టిది. నాన్న ముందు నడిచి తలుపు తీసి పట్టుకున్నాడు.

“తల వంచుకో,” అన్నాడు. “అమ్మకు తగలనివ్వకు.”

నేను వంగి లోపలికి వెళ్ళాను.