అత్తకు అందే ఎత్తులో

కొత్త ఇంట్లోకి వచ్చి నాలుగు రోజులైనా నా చొక్కాలు కుర్చీ వీపు మీదే వేలాడుతున్నాయి. గోడలకు ఒక్క మేకు లేదు. నా భార్య సూసన్న ఫొటోను వంటగదిలో బియ్యం డబ్బా మీద నిలబెట్టి గోడకు ఆనించాను. బియ్యం తీయాలంటే ముందు ఆమెను పక్కకు జరపాలి. మా అత్త జోగమ్మ రేకు పెట్టె ముందు గదిలో తలుపు పక్కనే ఉంది. మథురాకాటి రైల్వే క్వార్టర్లో కట్టిన తాడు కట్టినట్టే ఉంది.

ఇల్లు సర్దేవరకే అని ఆమె నాతో వచ్చింది. ఆదివారం ఆమె కొడుకు విల్‌ఫ్రెడ్ చక్రధర్‌పూర్ నుంచి వచ్చి తీసుకుపోతాడు. ఆమె వెళ్ళకూడదని నాకుంది. ఆ మాట ఎవరితోనూ అనలేదు.

మాకు పిల్లలు లేరు. సూసన్న మంచాన పడ్డప్పుడు కూతురిని చూసుకోవడానికి అత్త వచ్చింది. ఆరు నెలలకు సూసన్న వెళ్ళిపోయింది. సమాధి కార్యక్రమం అయ్యాక అత్తను ఎవరూ వెళ్ళమనలేదు, ఉండమనీ అనలేదు. సూసన్న ఖాళీ చేసిన చోటుకు చెరో పక్కనా కూర్చుని మూడేళ్ళు గడిపాం. పొద్దున్నే ఆమె టీ పెట్టేది, నేను బైబిలు పైకి చదివేవాణ్ణి. ఆమెకు చదువు రాదు. కానీ నేను ఒక మాట దాటేస్తే, "ఆగు బాబూ, ఒకటి ఒగ్గేసినావు" అనేది. అలాంటి పొద్దుల వల్లే నేను ఆఫీసుకు వెళ్ళగలిగానని ఇప్పుడు అనిపిస్తుంది.

ఈ ఇల్లు కలలు కని కొన్నది కాదు. వర్క్‌షాపు స్టోర్స్ ఆఫీసులో నా ఉద్యోగం ముగిసింది, క్వార్టరు ఖాళీ చెయ్యాలి, అందుకని కొన్నాను. హైవే అవతల, పొలాలు పూడ్చి కట్టిన కాలనీ. ఇరవై నాలుగు ఇళ్ళు, అన్నిటికీ ఒకేలాంటి గేటు, ఒకే రంగు, ఒకే రెండు మెట్లు. సగానికి తాళాలు. మాది పద్నాలుగు. పాస్టరుగారు సోమవారం వచ్చి గృహప్రతిష్ఠ ప్రార్థన చేసి, ఖరిదాలో ఇంకో ప్రార్థన ఉందని టీ చల్లారకముందే వెళ్ళిపోయారు. అప్పటి నుంచి మా గడప తొక్కింది పాలవాడొక్కడే.

గురువారం మధ్యాహ్నం లేచి చూస్తే అత్త ఇంట్లో లేదు. గేటు తీసి ఉంది. ఎండలో వీధి చివరిదాకా నడిచాను. పదిహేడో నంబరు ఇంటి మెట్టు మీద కూర్చుని ఉంది. వెనక తాళం వేసిన తలుపు. పక్కన ఒక గ్లాసు.

"ఇక్కడ కూర్చున్నావేమిటత్తా?"

"నువ్వు తలుపేసుకుని ఎటో ఎల్లినావనుకున్నాను. వత్తావు కదా అని కూసున్నాను."

"ఎంతసేపైంది?"

"ఏమో. ఆ గేటు కాడ దాదా సూసి నీళ్ళిచ్చినాడు. కుర్సీ కూడా తెచ్చినాడు, పాపం. వద్దన్నాను."

గంట పైగానే అయిందని ఆ కాలనీ గేటు వాచ్‌మన్ తర్వాత చెప్పాడు. చేయి పట్టుకుని ఇంటికి తీసుకొచ్చాను. ఆమె చేయి కాలుతోంది.

"అన్నీ ఒక్కలాగే ఉన్నాయి బాబూ."

"క్వార్టర్లు కూడా ఒక్కలాగే ఉండేవి కదత్తా."

"అక్కడ ఇల్లు సూసి ఎవులు పోతారు? వాకిట్లో మనుసుల్ని సూసి పోడమే." తర్వాత తనలో తాను అన్నట్టు అంది. "అయినా నాకెందుకు గుర్తు? ఇంకో రెండు పూటలు."

ఆ రాత్రి అన్నం సయించలేదు. తెల్లారాక, చేతనైనదేదో ఒకటి చెయ్యాలనిపించి అర్జీ రాశాను.

నవ్వుకోవచ్చు. కానీ ముప్పై ఏళ్ళు రైల్వే క్వార్టర్లో బతికినవాడికి ఇంట్లో ఏది పాడైనా అర్జీ తప్ప దారి తెలియదు. పెళ్ళైన కొత్తలో కేలండరు కోసం గోడకు మేకు కొడితే అరచేయంత పెచ్చు ఊడింది. వర్క్స్ ఇన్‌స్పెక్టరు వచ్చి రిజిస్టర్లో రాసుకుని, "కేలండరు నీది, గోడ రైల్వేది" అన్నాడు. ఆ తర్వాత మేం మేకు జోలికి పోలేదు. మాకు ముందున్నవాళ్ళు వదిలేసిన మూడు కొయ్య కొక్కేలకే మా సంసారమంతా వేలాడింది. సూసన్న గొడుగు, నా సంచి, అత్త బైబిలు సంచి.

కాలనీ సైటాఫీసు ఒక రేకుల షెడ్డు. సూపర్‌వైజరు అమర్‌నాథ్ బెంగాలీ అబ్బాయి, ముప్పై దాటి ఉండవు. కాగితం చేతికిచ్చాను. విషయం ఒకటి: వంటింటి కుళాయి కారుతున్నది. విషయం రెండు: గోడకు మేకులు కొట్టుకొనుటకు అనుమతి. ఇంగ్లీషులోనే రాశాను, కింద సంతకం, తేదీ కూడా.

చదివి తలెత్తాడు. మళ్ళీ చదివాడు.

"కాకూ, ఆప్‌నార్ బాడి. ఆప్‌నార్ దేవాల్." మీ ఇల్లు బాబాయ్, మీ గోడ. ఇంకా నాకు అర్థం కాలేదనుకుని హిందీలో కూడా చెప్పాడు. "కొట్టుకోండి. కావాలంటే పగలగొట్టుకోండి. నన్నడుగుతారేమిటి?"

నాకు చెవులు వేడెక్కాయి. కాగితం వెనక్కి తీసుకోబోయాను. అతను నా ముఖం చూశాడు. ఏమనుకున్నాడో, కాగితం ఇవ్వకుండా సొరుగు లాగి, ఇటుకల లారీల చలాన్ల మీద వేసే రబ్బరు ముద్ర తీసి, అర్జీ మీద గట్టిగా కొట్టి సంతకం పెట్టాడు. "మంజూర్" అన్నాడు, నవ్వకుండా. బూడిద ఇటుకల గోడలకు మామూలు మేకులు వంగిపోతాయని గుప్పెడు సిమెంటు మేకులూ, ఒక సుత్తీ ఇచ్చాడు. కుళాయివాడు మాత్రం రేపొస్తాడన్నాడు. ఆ రేపు ఇంకా రాలేదు.

ఇంటికి రాగానే అత్త అడిగింది. "ఏటి బాబూ ఆ కాయితం?"

చదివి వినిపించాను. ముద్ర కూడా చూపించాను. ఆమె పైట కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. భుజాలు కదిలాయి. ఎన్ని నెలలైందో ఆమె నవ్వి.

"నీ గోడకి సీల కొట్టుకోడానికి ఆ బెంగాలీ బాబునడిగినావా? ముద్ర కూడా ఏయించుకున్నావా? ఓలమ్మో! అదుంటే ఏటనీదో!"

సూసన్న ఏమనేదో మా ఇద్దరికీ తెలుసు. నేనూ నవ్వాను.

మొదటి మేకు వంగింది. రెండోది ఎగిరి గ్యాస్ స్టవ్వు కిందికి పోయింది. మూడో దెబ్బ నా బొటనవేలి మీద పడింది.

"సుత్తి సివర పట్టుకోవాల, మెడ కాడ కాదు. మీ మావ కేరేజీ షాపులో జనమంతా కొట్టినాడు, సూడలేదేటి నాను?"

ఆమె చెప్పినట్టు పట్టుకుంటే దిగింది. ముందు గదిలో, ఎండ తగలని గోడకు సూసన్నను వేలాడదీశాం. అత్త కొంగుతో అద్దం తుడిచి రెండడుగులు వెనక్కి వేసి చూసింది. గది కొంచెం గదిలా అయింది.

ఇదే సమయం అనుకున్నాను. ఉండమని అనలేక చుట్టు తిరిగి అడిగాను.

"అత్తా, నీ గదిలో కూడా ఒకటి కొట్టనా? బైబిలు సంచి తగిలించుకుందువు."

ఆమె నా వైపు చూడలేదు. "రెండ్రోజులకి నాకు సీలెందుకు బాబూ? ఉత్తినే గోడ పాడు."

రెండ్రోజులు కాదత్తా అనాలి. నేనెవరిని అనడానికి? కూతురు పోయాక అల్లుడు ఏమవుతాడు? కొడుకు ఉన్నాడు, పెద్ద క్వార్టరుంది, నడిచి వెళ్ళేంత దగ్గరలో చర్చి ఉంది. ఇక్కడ తన మెట్టేదో తెలియక ఎండలో కూర్చుంది. నా ఒంటరితనం కోసం ఎనభై ఏళ్ళ మనిషిని ఈ తడి సున్నం వాసనలో ఉంచుకోవడం ఏం న్యాయం?

"సరే అత్తా" అన్నాను.

ఆదివారం పదింటికి విల్‌ఫ్రెడ్ చెమటలు కక్కుతూ వచ్చాడు. అతను గూడ్స్ గార్డు, గట్టిగా మాట్లాడే మనిషి.

"బావా, ఇదేటి కాలనీ? సిగ్నలు లేదు, బోర్డు లేదు. మూడిళ్ళకి తలుపు కొట్టినాను. ఒక దీదీ నన్ను ఫినాయిల్ అమ్మేవోడనుకున్నాది!"

"సూసినావా, నానొక్కదాన్నే కాదు" అంది అత్త నాతో, కొంచెం గర్వంగా.

గోల్‌బజారు నుంచి తెచ్చిన రొయ్యలు అత్తే వండింది. విల్‌ఫ్రెడ్ కడుపునిండా తిని, ఇంటినంతా తిరిగి చూసి, బాత్రూం తలుపు పట్టడం లేదని, కిటికీ ఊచలు సన్నమని చెప్పాడు. అన్నీ నిజమే. మూడింటి బండి. రెండు కాకముందే బ్యాటరీతో నడిచే టోటో ఆటో వచ్చి గేటు ముందు ఆగింది.

అత్త తెల్ల చీర కట్టుకుని వచ్చి కుర్చీ అంచున కూర్చుంది. ఆ కుర్చీకి నా చొక్కాలు లేవు, ఎప్పుడు మడిచిందో.

"బాబూ, సింతపండు సిన్న డబ్బాలో పెట్టినాను. కుళాయి కింద గిన్ని పెట్టడం మరిసిపోకు, గట్టంతా తడైపోతాది. టీలో పంచదార ఒక సెంచానే. రెండేసుకుంటే నాకు తెలీదనుకోకు."

"అలాగే అత్తా."

విల్‌ఫ్రెడ్ పెట్టె ఎత్తాడు. "ఏటమ్మా, లోపల రైలు పట్టాలేటి?"

అతను గడప దాటాడు. ఆమె మోకాలి మీద చేయి ఆన్చి మెల్లగా లేచింది. సూసన్న ఫొటో ముందు ఒక్క క్షణం ఆగింది. గడప వైపు నడిచింది. వంటింట్లో కుళాయి నీటిచుక్క గిన్నెలో పడ్డ చప్పుడు వినిపించింది. రేపటి నుంచి ఈ ఇంట్లో వినిపించే చప్పుడు అదొక్కటే.

"విల్‌ఫ్రెడ్, పెట్టె దించు" అన్నాను.

నా గొంతు నాకే కొత్తగా ఉంది. ఇద్దరూ వెనక్కి తిరిగారు.

"అత్తా, ఉండిపో. నువ్వు లేకపోతే ఈ ఇంట్లో ఎలా ఉండాలో నాకు తెలియడం లేదు."

విల్‌ఫ్రెడ్ పెట్టెను మెట్టు మీద పెట్టాడు. ముఖం మాడింది.

"ఇదేటి బావా? సెలవెట్టి వచ్చినాను. ఒక ఫోను సెయ్యొచ్చు కదా. నీకే అరవై. రేపు అమ్మకేటన్నా అయితే ఎవులు సూత్తారు? నీకేటన్నా అయితే?"

"తెలీదు" అన్నాను. నిజంగానే తెలీదు.

"నా తల్లి, బావా."

"అవును."

టోటోవాడు హారన్ కొట్టాడు. అత్త గడపలో నిలబడి, కొడుకును కాదు, నన్ను చూసింది. కోపంగా చూసింది.

"మూడేళ్ళు. ఉండమని ఒక్క మాటన్నావా? ఎల్లమనీ అన్లేదు. ఏ రోజు ఏటంటావో అని సూసుకుంటా బతికినాను. ఆ పెట్టికి తాడు ఇప్పకుండా ఎందుకుంచినాననుకున్నావు? ఇప్పమంటావేమోనని. నువ్వేమో సీల కొట్టనా అనడిగినావు!"

నేను తల దించుకున్నాను. గోడకు అనుమతి అడిగినవాణ్ణి, మనిషిని అడగలేకపోయాను. ఆమె మాత్రం ఎవరిని అడగగలదు?

"మరి నన్నెందుకు రప్పించినావమ్మా?" అన్నాడు విల్‌ఫ్రెడ్.

"నిన్ను సూడాలనిపించదేటిరా? క్రిస్మస్‌కి వత్తాను. పది రోజులుంటాను. నీ పెళ్ళాం ముక్కు ఇరిస్తే ఆరు రోజులే."

అతను నవ్వకుండా ఉండాలని చూశాడు, కుదరలేదు. నవ్వాక కూడా కళ్ళలో బాధ పోలేదు. అది నా మూలంగానే అని నాకు తెలుసు. టోటోవాడితో ఆగమని చెప్పి వచ్చి మెట్టు మీద కూర్చుని తాడు ముడి విప్పడం మొదలుపెట్టాడు. విప్పలేక పళ్ళతో పట్టుకున్నాడు. "ఏం ముడేసినావమ్మా, బోగీ కప్లింగులాగ!"

నేను సుత్తి తీసుకుని అత్త గదిలోకి వెళ్ళాను. మేకు గోడకు ఆన్చాను.

"కిందికి" అంది వెనక నుంచి. "ఇంకా కిందికి. నాకందాల కదా."

అత్త సూసన్న కంటే పొట్టిది, ఇప్పుడు ఇంకా ఒంగిపోయింది. నా ఛాతీ కంటే కిందికి వచ్చేసరికి సరే అంది. మోకాళ్ళ మీద కూర్చుని, సుత్తి చివర పట్టుకుని కొట్టాను. రెండో దెబ్బకు మేకు చుట్టూ కొత్త రంగు నెర్రె విచ్చి, అరచేయంత పెచ్చు ఊడి నా ఒళ్ళో పడింది. చెయ్యి ఆగిపోయింది. పాత భయంతో చటుక్కున తలుపు వైపు చూశాను. అక్కడ చేతిలో తాడుతో విల్‌ఫ్రెడ్ నిలబడి ఉన్నాడు.

"పెచ్చు ఊడిందత్తా."

"ఊడనీ. మన గోడే కదేటి, కొట్టు."

ఇంకో మూడు దెబ్బలకు మేకు గట్టిపడింది, కొంచెం వంకరగానే. ఆమె బైబిలు సంచి తగిలించి, ఆగుతుందో లేదో అని ఒకసారి కిందికి లాగి చూసింది. ఆగింది.