పొట్లం కట్టే వేళ

గుమ్మడి గింజల ముద్దను అరిటాకులో పెట్టి పొట్లం కట్టేటప్పుడు వండే మనిషి నోరు విప్పకూడదు. విప్పితే ఎంత ఉడికినా ముద్ద గట్టిపడదు, జావలా మిగిలిపోతుంది. కాపురానికొచ్చిన మొదటి వారమే మా అత్త ఆందెమె చెప్పింది. ఆమెకు వాళ్లత్త చెప్పిందట. ఇరవై రెండేళ్లుగా పాటిస్తున్నాను.

నిజానికి ఆ మౌనమంటే నాకిష్టం. పొద్దున్నుంచీ నన్ను పిలిచే గొంతులన్నీ ఆ గంటసేపు ఆగిపోతాయి. ఆకును సెగకు చూపిస్తే పచ్చి వాసన లేస్తుంది, ఈనె మెత్తబడుతుంది, నేనెక్కడికో తేలిపోతాను. పుట్టింటి దగ్గర వెలే ఏటి ఒడ్డున అమ్మ కర్రపెండలం నానబెట్టే గుంట, నీళ్ల మీద తెల్లటి నురుగు, నా పాదాల చుట్టూ చిరుచేపలు. పొగ పైకి లేచి అటక మీది ఎండుచేపలను తడుముతుంటే ఈ వంటిల్లే నన్నెత్తుకుని ఏటి మీద పోతున్నట్టుంటుంది. ఈ మట్టిగోడలు నేను మెత్తినవే. మగవాళ్లు తమ చావడిలో, అంటే అబాలో, కూర్చుని నేను పంపింది తింటారు. ఖాళీ గిన్నెలతో పాటు ఒక్క మాట తిరిగొస్తుంది: ఉప్పు తగ్గిందట.

ఆ రోజు అబాకి చుట్టాలొచ్చారు. దూరపు బంధువులని నా భర్త ఎసోనో చెప్పాడు. ఎనిమిదో పొట్లానికి నార చుడుతుండగా ఎసోనో, మా అత్త గుమ్మంలోకొచ్చారు. అబాలో ఉన్నవాళ్లు చుట్టాలు కారట, మికొమెసెంగ్ ఊరివాళ్లట. వాళ్ల పిల్లను ఎసోనో రెండో భార్యగా తెచ్చుకుంటాడట.

"పిల్లకి వంటిల్లు కావాలి బిందాంగ్. ఇది ఇచ్చేద్దాం. నువ్వు మా అమ్మ వంటింట్లో సర్దుకో. కాదంటావా, ఇప్పుడే చెప్పు."

నా పెదాలు మూసి ఉన్నాయి. అది చూసుకునే వచ్చాడు.

"ఏమనలేదుగా. అమ్మా, నువ్వే సాక్షి" అని వెనుదిరిగాడు.

మా అత్త నేల చూపులు చూస్తోంది. మా మామకి ముగ్గురు భార్యలు. రెండో ఆమెను తెస్తానని ఆయన చెప్పిన పూట మా అత్త కూడా పొట్లాలే కడుతోందని, నోరు విప్పలేదని ఇంట్లో అందరికీ తెలుసు.

ఏరు, నురుగు, చేపలు అన్నీ నిలిచిపోయాయి.

"ఒప్పుకోను" అన్నాను. "ఈ గోడలు నావి. పిల్లకి వంటిల్లు కావాలంటే నువ్వే మట్టి తొక్కి కట్టు."

నా మాట అబా దాకా వెళ్లింది. వంటిల్లు లేని ఇంటికి పిల్లనివ్వనని ఆమె తండ్రి లేచాడు. పొట్లాలు చెడగొట్టానని, పరువు తీశానని తిట్టుకుంటూ ఎసోనో వాళ్ల వెనక పరిగెత్తాడు.

నేను పొట్లాలు కుండలో పేర్చి ఆవిరి మీద పెట్టాను. పారేయడానికి మనసొప్పలేదు. ఉడికాక మొదటిది విప్పి కత్తి దింపితే, ముక్క అంచు చెదరకుండా వచ్చింది. అత్త చేతిలో పెట్టాను. ఆమె వేలితో నొక్కి చూసింది. మళ్లీ నొక్కింది.

"గట్టిగానే ఉందే" అంది. "మరి ఆ రోజు నేనెందుకు ఊరుకున్నానే?"