కెజియా వేసిన ఓటు

కెజియా వాన్ డోరెన్ పెళ్లి రెండోసారి వాయిదా పడేసరికి హాక్‌ఫోర్డ్ ఊళ్లో చెప్పుకోవడానికి ఇంకో సంగతి అక్కర్లేకపోయింది. పెళ్లికొడుకు ఆబ్నర్ క్రేన్‌కు వంక పెట్టడానికి లేదు. పీపాలు చేసేవాడు, పనిమంతుడు, తాగినా నవ్వుతూనే ఉంటాడు. కెజియా తన తోటలో కాచే ఆపిల్ సారాయి అంతా అతని పీపాల్లోనే పట్నానికి వెళ్తుంది. మొగుడు పోయి ఒంటరిగా ఉన్న మనిషికి అంతకంటే ఏం కావాలి?

ఆవిడకు ఓటు కావాలి.

ఇంగ్లండు రాజుగారిని తరిమేసిన ఉత్సాహంలో న్యూజెర్సీ పెద్దలు చట్టం రాసుకున్నప్పుడు, యాభై పౌండ్ల ఆస్తి ఉన్నవాళ్లంతా ఓటర్లే అన్నారు. ఆడా మగా అని రాయలేదు. మరిచిపోయారో, మంచితనమో వాళ్లకే తెలియాలి. పెళ్లయిన ఆడదాని ఆస్తి మాత్రం మొగుడిది, కనుక ఆవిడకు ఓటు లేదు. అంటే ఆడది ఓటెయ్యాలంటే మొగుడు పోవాలి, లేదా అసలు రాకూడదు. స్వతంత్రం అంటే ఏమిటో ఇంత సూటిగా చెప్పిన చట్టం ఇంకోటి ఉండదు.

మిల్లు యజమాని టోబయాస్ హల్స్ ఆ ఏడు శాసనసభకు నిలబడ్డాడు. గెలిస్తే సుంకం వసూలు చేసే కొత్త రోడ్డు ఒకటి మంజూరు చేయించుకోవాలని అతని ఆశ. ఆ రోడ్డు కెజియా తోట నడుమ నుంచి, ఆవిడ మామగారు నాటిన చెట్ల మీదుగా పోతుంది. అవతల నిలబడ్డ జోథమ్ రీవ్ ఆ రోడ్డు వద్దంటున్నాడు. రోడ్డు తన పొలం పక్కనుంచి పోవడం లేదని అతని కడుపుమంట. అయినా కెజియాకు కావలసింది శాసనసభలో అతను వేసే ఓటే గానీ అతని మనసు కాదు.

ఆడవాళ్ల ఓటంటే సత్రంలో గొంతు చించుకుని ఎగతాళి చేసిన హల్స్, పోటీ గట్టిగా ఉందని తెలియగానే టోపీ చేత పట్టుకుని కెజియా గుమ్మంలోకి వచ్చాడు.

"ఏమ్మా కెజియా, బావున్నావా? మీ ఆయన నాకు తమ్ముడిలాంటివాడు."

"బతికున్నప్పుడు ఆయనకా సంగతి తెలీదండి, పాపం. కూర్చోండి."

"ఆడవాళ్లు వివేకవంతులమ్మా. నేను మొదట్నుంచీ అదే అంటున్నాను."

"మొన్న సత్రంలో ఇంకోలా అన్నారట?"

"సత్రంలో మాట సత్రంలోనే వదిలెయ్యాలి. నీ ఓటు నాకే కదా?"

"రోడ్డు నా తోటలోంచి తప్పిస్తారా?"

హల్స్ టోపీ అంచును అటూ ఇటూ తిప్పాడు. "దేశం ముందుకు పోవాలమ్మా."

"పోనివ్వండి. నా చెట్లు తప్పించుకుని పొమ్మనండి."

ఇక ఇక్కడ తన పప్పులుడకవని హల్స్‌కు అర్థమైంది. మూతి ముడుచుకుని లేచి, నేరుగా ఆబ్నర్ కొట్టం వైపు నడిచాడు. కెజియా కిటికీలోంచి చూసింది. పీపాల కోసమేమో అనుకుంది.

ఎన్నికల రోజు పొద్దున్న దండెం మీద ఆరేసిన నల్ల పావడా కనబడలేదు. గాలికి కొట్టుకుపోయిందనుకుని, ఉన్నదాంట్లో మంచి గౌను వేసుకుని, రీవ్ పేరు రాసిన చీటీ గుప్పిట్లో పట్టుకుని సత్రానికి బయలుదేరింది. మొదటి పెళ్లినాడు కూడా ఆవిడకు అంత ఉత్సాహం లేదు. సత్రం ముందు జనం తిరనాళ్లలా ఉన్నారు. ఈసారి ఊళ్లోకి పొడుగాటి ఆడవాళ్లు చాలామంది వచ్చినట్టున్నారు. కుచ్చుల టోపీలు కళ్ల మీదికి లాక్కుని, అంగలు వేస్తూ నడుస్తున్నారు.

బల్ల దగ్గర కూర్చున్న ఎన్నికల అధికారి పెక్ ఆవిణ్ణి చూసి నోరు వెళ్లబెట్టాడు.

"నువ్వు మళ్లీ వచ్చావేంటమ్మా? పొద్దున్నే వేసి వెళ్లావుగా!"

"నేనా? ఇప్పుడేగా గడప దాటాను!"

"కెజియా వాన్ డోరెన్ ఓటు పడిపోయిందమ్మా. ఒక మనిషికి ఒకే ఓటు."

"పెక్ గారూ, నన్ను చిన్నప్పట్నుంచీ చూస్తున్నారు. ఆ వచ్చిందెవరో మొహం చూళ్లేదా?"

పెక్ నొచ్చుకున్నాడు. "పరాయి ఆడదాని టోపీ కిందికి తొంగి చూడమంటావా? పెద్దమనుషులం!"

వెనకాల ఎవరో పగలబడి నవ్వారు. కెజియాకు తల కొట్టేసినట్టైంది. చీటీ అలాగే గుప్పిట్లో నలిపేసుకుని వెనక వాకిలి గుండా బయటపడింది. అక్కడ గుర్రాల కొట్టం దగ్గర హల్స్ మనుషుల మధ్య ఆబ్నర్ కూర్చుని తాగుతున్నాడు. గడ్డం నున్నగా గీసి ఉంది. నల్ల పావడా మోకాళ్ల దాకా ఎత్తి దోపుకున్నాడు.

"కోప్పడకు కెజియా! నీకెందుకు శ్రమ అని నేనే వేసేశాను. రేపు పెళ్లయ్యాక ఇద్దరి తరఫునా వేసేది నేనేగా?"

"ఎవరికేశావ్?"

"హల్స్ గారికి. ఇంకెవరికి వేస్తాను?"

ఆవిడ గిరుక్కున వెనక్కి తిరిగింది. అతనంటే ఇష్టం, అందుకే తిట్టలేకపోయింది. ఇంటికెళ్లి తలుపేసుకుని ఏడ్చింది.

హల్స్ కొద్దిలో గెలిచాడు. మరుసటి ఏడాది శాసనసభలో, పావడాల వల్ల ఎన్నికల పవిత్రత మంటగలిసిపోతోందని కళ్లనీళ్లు పెట్టుకుని మాట్లాడాడట. ఆ పావడాల్లో ఎవరున్నారని ఎవరూ అడగలేదు. ఓటు తెల్లజాతి మగవాళ్లకు మాత్రమేనని చట్టం చేసి, అందరూ తృప్తిగా భోజనానికి వెళ్లారు.

ఆ కబురు ఊరికి చేరిన ఆదివారమే ఆబ్నర్ కొత్త కోటు తొడుక్కుని వచ్చాడు. మొహం వెలిగిపోతోంది.

"ఇంక నీకు పెళ్లి వల్ల పోయేదేం లేదు కదా! ఓటు ఎలాగూ పోయింది. రోడ్డు విషయంలోనూ హల్స్ గారు మంచి ధర ఇస్తామన్నారు. నువ్వు ఒప్పుకోకపోతే కోర్టులో ఏళ్లు పడుతుందట. అదే పెళ్లయితే నేను సంతకం పెడితే చాలు."

కెజియా అతని కొత్త కోటు వంక చూసింది. మోసగాడైతే తిట్టి పంపేది. నిజంగానే సంతోషంగా ఉన్నాడు పాపం.

"ఆబ్నర్, నా పేరు పెట్టుకుని నువ్వొక్క పొద్దున తిరిగితేనే నా ఓటు పోయింది. నీ పేరు పెట్టుకుని నేను బతుకంతా తిరిగితే నాకేం మిగులుతుందోయ్?"