ఎక్కడా ఆగని కళ్ళజోడు

పెళ్ళాం పంపిన పార్సిల్‌ను సైనికుడు ముట్టుకోకుండా తిప్పి పంపేస్తున్నాడట. ఎదురింటి దర్జీ భార్య కుళాయి దగ్గర అన్నదని పాలావిడ చెప్పింది, పాలావిడ చెప్పిందని వీధంతా చెప్పుకుంది. ఒకసారి తిరిగొస్తే చిరునామా తప్పనుకోవచ్చు, రెండోసారీ వచ్చిందంటే కాపురంలోనే ఏదో ఉందని దర్జీ భార్య తేల్చేసింది. ఆవిడ తేల్చాక మునగని కాపురం ఆ వీధిలో లేదు.

పార్సిల్లో ఉన్నది కళ్ళజోడు. అతను సైన్యంలో లారీ తోలుతాడు. ఉన్న జోడును సీటు మీద పెట్టి, దాని మీదే కూర్చున్నాడు. నెలాఖరున కంటిపరీక్ష. జోడు లేకుండా వెళితే స్టీరింగు లాక్కుని, వంటశాలలో ఉల్లిపాయలు తరగమంటారు. ఆ మాట ఫోన్లో భార్యకు చెప్పిన మర్నాడే అతని దళం వేరే మకాముకు కదిలింది. అక్కడ ఫోన్లు పనికిరావన్నారు. ఇక తపాలాయే దిక్కు.

సైనికుల ఉత్తరాల మీద ఊరి పేరుండదు, దళం నంబరే ఉంటుంది. మునుపు ఊళ్ళోని సైనిక తపాలా గదిలో ఒక చెక్క అర ఉండేది. కదిలిన దళాల సంచులు అందులో కూర్చుని, కొత్త మకాం కబురు రాగానే బయల్దేరేవి. కొత్తగా వచ్చిన అధికారి వేగం గురించే పెద్ద చదువు చదివినవాడు. ఆ అరను చూసి ఆయనకు ఒళ్ళు మండింది. తపాలా అన్నాక కూర్చోవడమేమిటని దాన్ని పీకించి, అక్కడ పూలకుండీ పెట్టించాడు. వచ్చింది వచ్చిన పూటే గది దాటాలన్నాడు. గది దాటితే అందినట్టే లెక్క.

గుమాస్తాలకు ప్రాణం లేచొచ్చింది. మకాం వెతికే బాధ పోయింది, పాతచోటికే పంపేస్తే సరి. అక్కడ మిగిలిన కావలివాడి దగ్గర ఒకటే ముద్ర ఉంది: ‘తీసుకోలేదు’. అది గుద్ది ఇంటికి పంపేవాడు. అత్తగారు ఆ ముద్ర చదివి, “వాణ్ణి ఫోన్లో ఏమన్నావే?” అని కోడల్ని నిలదీసింది.

కోడలు తపాలా గదికి వెళ్ళి అడిగితే, మీ ఆయన దళం అక్కడ లేదుగా అని గుమాస్తా చల్లగా చెప్పాడు. మరి ఎక్కడుందో తెలిసేదాకా ఆపమంది.

“ఎక్కడ ఆపమంటావమ్మా? అర లేదు. పూలకుండీ ఉంది.”

పార్సిల్ మూడోసారీ వెళ్ళింది, మూడోసారీ వచ్చింది. ఎంత తిరిగితే గదికి అంత పేరు. చివరికి అన్నిటికంటే వేగమైన సైనిక తపాలా గదిగా దానికి షీల్డు ఇచ్చారు. సభ పెట్టి, ఎక్కువసార్లు సేవలందుకున్న కుటుంబమని ఈ అత్తాకోడళ్ళనే పిలిచారు. ఆ మర్నాడే అతని కంటిపరీక్ష. వేడుక చూద్దామని దర్జీ భార్య ముందు వరసలో చోటు పట్టుకుంది.

కోడలు చంకలో పార్సిల్‌తోనే వేదిక ఎక్కింది. అధికారి మురిసిపోతూ మైకు ఆమె ముందుకు జరిపి, మన వేగం ఎలా ఉందో నాలుగు మాటలు చెప్పమన్నాడు.

ఆమె పార్సిల్‌ను షీల్డు పక్కన పెట్టింది.

“మా ఇంటికైతే చాలా తొందరగా వస్తోందండీ. ఆయన్ని కూడా మా వీధికే బదిలీ చేయించండి, అందుతుంది.”