రెండువేలలోకి జారిపోయిన పెళ్ళి

మా ఆయన మాణిక్యాలరావు మంచి మనిషే. కాకపోతే ‘కాదు’ అనే మాటకి ఆయన నోరు తిరగదు. రాజోలులో మా ఫోటో స్టూడియో. తీసేది ఆయన, కంప్యూటర్లో సర్దేది నేను. ఆయన నవ్వుతూ తీసుకొస్తారు, నేను తిట్టుకుంటూ సర్దుతాను. సంసారం అలా సాగిపోతోంది.

రీళ్ళు పోయి డిజిటల్ కెమెరా వచ్చాక ఈ సర్దుడు పని నా నెత్తిన పడింది. కార్డు పెట్టగానే సాఫ్ట్‌వేరు ఫోటోలన్నీ కంప్యూటర్లోకి లాక్కుని, ఏ రోజు తీసినవి ఆ రోజు తేదీతో ఒక ఫోల్డర్లో పెట్టేస్తుంది. దానికి నేను ఇంటిపేరు తగిలిస్తాను. మా కోనసీమలో పెళ్ళి తేదీలు ఎవరికి గుర్తుంటాయి? ఇంటిపేరు చెబితే వంటల దగ్గర్నుంచి అలకల దాకా అన్నీ చెబుతారు.

2006 దసరా దాకా ఈ పద్ధతి బాగానే నడిచింది. ఆ ఏడు మహాలయ పక్షాల్లో పెళ్ళిళ్ళు లేవు కదా అని మా ఆయన కెమెరాలోంచి బ్యాటరీ తీసి బీరువాలో పెట్టేశారు. “దానికీ విశ్రాంతి ఉండాలి కదే” అన్నారు. ఆయుధపూజకి కెమెరాకి పసుపు రాసి, కుంకుమ పెట్టి, పండగ వెళ్ళాక మళ్ళీ బ్యాటరీ వేశారు. అన్నాళ్ళు పస్తున్న కెమెరా తేదీ మరిచిపోయింది. ఇవాళ ఏం రోజని అడిగింది పాపం. ఈయన చదవకుండానే ఓకే, ఓకే అని నొక్కేశారు. దాంతో మా స్టూడియోలో 2000 జనవరి మళ్ళీ మొదలైంది.

నేనది కనిపెట్టేసరికి కార్తీకమాసం పెళ్ళిళ్ళన్నీ 2000 ఫిబ్రవరిలోకి వెళ్ళి కూర్చున్నాయి. ఫోటోల మూలన ఎర్రంకెలతో అదే తేదీ. అందులో ఒక ఫోల్డరు శ్రీరామచంద్రమూర్తి గారి అమ్మాయి పెళ్ళిది. సఖినేటిపల్లి దారిలో ఒక ఊరికి ఆయన ప్రెసిడెంటు. మాకు పెద్ద బేరం. కొడుకు పెళ్ళి కూడా వైశాఖంలో మాకే ఇస్తామన్నారు. ఆ పెళ్ళి ఫోటోలు చూస్తూ ఉంటే మధ్యలో ఇంకో పెళ్ళికూతురు ప్రత్యక్షమైంది. నేత చీర, మెడలో పసుపుతాడు, పక్కన ఎండకి కమిలిన కుర్రాడు.

“ఈ పిల్లెవరండీ?” అని నిలదీశాను.

మా ఆయన తల గోక్కున్నారు. “మన చేపల దుర్గమ్మ కూతురు గాయత్రి. ఆ కుర్రాడు అనిల్ కుమార్, మస్కట్లో పనిచేస్తాడు. వాళ్ళమ్మ రాజేశ్వరమ్మ గారు ససేమిరా ఒప్పుకోలేదంట. ప్రెసిడెంటు గారింట్లో ఊరంతా విస్తళ్ళ ముందు కూర్చున్న టైములో వెనకవీధి రామాలయంలో తాళి కట్టేసేడు. ఆ పూట రాజేశ్వరమ్మ గారు కూడా పంక్తిలోనే ఉన్నారు మరి. నన్ను చెయ్యి పట్టుకుని బతిమాలేడే. గంటలో వచ్చేద్దారని వెళ్ళేను.”

అప్పుడర్థమైంది నాకు. ప్రెసిడెంటు గారి వియ్యాలవారి భోజనాల ఫోటోలు ఒక్కటీ లేవు. ఆ భోజనాల కార్డు పాడైపోయిందని ఈయన వాళ్ళకి అబద్ధం చెప్పారు. వియ్యాలవారు పంక్తిలో కూర్చున్న ఫోటో లేకపోవడమంటే మా వైపు చిన్న సంగతి కాదు. ఆ వియ్యంకుడు ఇప్పటికీ అలకపాన్పు దిగలేదు. ఈయన్ని తిట్టి, ముఖాలు చూసి రెండు పెళ్ళిళ్ళనీ రెండు ఫోల్డర్లుగా విడదీశాను. సన్నాయి కొండలరావు బుగ్గలు పూరించిన ఫోటోలు వస్తే మాత్రం ఆలోచించకుండా ప్రెసిడెంటు గారి వైపు తోసేశాను. మేళం పెట్టింది ఆయనే కదా.

మాఘమాసంలో గాయత్రి తల్లిని వెంటబెట్టుకుని స్టూడియోకి వచ్చింది. చేతిలో మేమిచ్చిన తాళి ఫోటో ఉంది.

“అక్కా, ఆయన కంపెనీ వాళ్ళు నాకూ వీసా ఇస్తామన్నారు. నెలాఖరులోగా పెళ్ళి సర్టిఫికెట్ పంపాలి. మా ఊళ్ళో పెళ్ళి జరిగిందని ప్రెసిడెంటు గారు రాసిస్తే చాలంట. ఆయన ఈ ఫోటో చూసి కుదరదన్నారు.”

“ఎందుకని?”

“తేదీ చూసేరు. రెండువేలలో నేను గౌన్లేసుకుని బడికెళ్ళేదాన్ని కదా. కంప్యూటర్లో తలలు అతికించేరన్నారు.”

దుర్గమ్మ కొంగుతో ముఖం తుడుచుకుంది. “అల్లుడూ, పెళ్ళిలో ఉన్న స్నేహితులిద్దరూ మస్కట్ వెళ్ళిపోయేరమ్మా. పంతులుగారు రాజేశ్వరమ్మ గారికి జడిసి నోరిప్పరు. ఆవిడేమో కొడుక్కి వేరే సంబంధం చూస్తోంది. నా కూతురికి పెళ్ళే కాలేదంటోంది. రేవులో చేపలు కొనేవోళ్ళు కూడా ఎలా చూస్తున్నారో నీకెలా చెప్పను.”

గాయత్రి మాత్రం ఏడవలేదు. పసుపుతాడు గట్టిగా పట్టుకుని నిలబడింది. నాకు ఒళ్ళు మండిపోయింది. తాళి కట్టించుకున్న పిల్ల పెళ్ళయిందని రుజువు చేసుకోలేక తిరగడమేమిటి, అదీ మా కెమెరా మతిమరుపు వల్ల?

“రేపు పొద్దున్న రండి. ప్రెసిడెంటు గారు ఆల్బమ్ పేజీలు చూసుకోవడానికి ఎలాగూ వస్తున్నారు” అన్నాను.

వాళ్ళు గుమ్మం దిగగానే మా ఆయన నా పక్కకి వచ్చారు. “ఏం చేద్దారని?”

“రెండు పెళ్ళిళ్ళనీ మళ్ళీ ఒకే ఫోల్డర్లో కలిపి, తీసిన వరసలో చూపిస్తాను. ముందు ఆయన కూతురి పెళ్ళి, మధ్యలో గాయత్రి పెళ్ళి, తరవాత ఆయన కూతురి అప్పగింతలు. అదే కెమెరా, అదే తేదీ. గాయత్రిది అబద్ధమైతే వాళ్ళమ్మాయిదీ అబద్ధమే.”

“ఏమేవ్, భోజనాల వేళ నేను మాయమైపోయేనని తెలిసిపోద్ది. వైశాఖం పెళ్ళి పోద్ది. ఆయన కాదంటే చుట్టుపక్కల ఊళ్ళల్లో మనల్ని ఎవరు పిలుస్తారే?”

“తెలుసండీ.”

“తేదీ మార్చి ఇంకో ఫోటో వేసిచ్చేయరాదా?”

“మార్చి ఇస్తే అప్పుడు నిజంగానే దొంగ ఫోటో అవుతుంది. మీరు చేసిన మంచిపనికి మీరే జడిస్తే ఎలాగండీ?”

 నాకూ లోపల భయంగానే ఉంది. అయినా విడదీసిన ఫోటోలన్నీ మళ్ళీ కలిపేశాను. అన్నాళ్ళు నేను పడ్డ చాకిరీ అంతా గోదాట్లో కలిసింది.

మరునాడు ప్రెసిడెంటు గారు వచ్చి కుర్చీలో కూర్చున్నారు. గుమ్మంలో గాయత్రిని, దుర్గమ్మని చూడగానే ముఖం ముడుచుకుని నావైపు తిరిగారు.

“చూడండమ్మా, నా మీద కోపం పెట్టుకోకండి. కిందటేడు ఇలాంటి ఫోటో చూసే ఒకడికి రాసిచ్చేను. అది అతికించిన ఫోటో. పోలీస్ స్టేషన్ గుమ్మంలో నిలబడ్డాను, ఈ వయసులో. మళ్ళీ నావల్ల కాదు.”

ఆయన మాటలో కపటం లేదు. అదే నాకు ధైర్యమిచ్చింది.

“ఫోటో చూసి రాయొద్దండీ. మీ అమ్మాయి పెళ్ళి చూసి రాయండి” అని ఫోల్డరు తెరిచాను.

తెర మీద ఆయన కూతురి జీలకర్రబెల్లం, తలంబ్రాలు వరసగా వచ్చాయి. ఆయన ముఖం విచ్చుకుంది. మూలన ఎర్రంకెల మీద వేలు పెట్టి చూపించాను. “మీ అమ్మాయి పెళ్ళి కూడా రెండువేలలోనే జరిగిందండి. మా కెమెరా గడియారం మీద.”

“ఆయ్, అవునే!” అన్నారు ఆశ్చర్యంగా.

తరవాత ఫోటో నొక్కాను. రామాలయం, గాయత్రి, అనిల్ కుమార్. వరసగా ఆ పెళ్ళి నడిచింది. అది అయిపోగానే మళ్ళీ ఆయన ఇల్లు, అప్పగింతలు, కూతుర్ని పట్టుకుని ఆయన ఏడుపు.  మా ఆయన గోడకి అతుక్కుపోయారు.

“అంటే భోజనాల వేళ…” అంటూ ప్రెసిడెంటు గారు మెల్లగా మా ఆయన వైపు తిరిగారు. “కార్డు పాడైపోయిందన్నారు కదండీ?”

“కార్డు బాగానే ఉందండి. నేనే లేను” అన్నారు మా ఆయన. పెళ్ళయ్యాక ఆయన అంత సూటిగా మాట్లాడగా నేను వినలేదు.

ప్రెసిడెంటు గారి కనుబొమలు ముడిపడ్డాయి. ఇక వైశాఖం పెళ్ళి పోయినట్టే అనుకున్నాను. పోతే పోయింది. ఇంతలో ఆయన తెర మీదికి వంగారు.

“ఆగమ్మాయ్, వెనక్కెళ్ళు. తాళి కట్టే ఫోటో తరవాతది.”

వెళ్ళాను. తెర నిండా బుగ్గలు పూరించి సన్నాయి ఊదుతున్న మనిషి, మూలన అనిల్ కుమార్ భుజం మాత్రం. ఆ రోజు ఆలోచించకుండా నేను వేరే ఫోల్డర్లోకి తోసేసిన ఫోటో. వరసలో పెడితే అది రామాలయంలోకే వచ్చింది.

“వీడు మా కొండలరావు కదూ? భుజం మీద జరీ కండువా ఆ పొద్దున్న నేను కప్పిందే!” ఆయన వేలు ఇంకొంచెం కిందికి దిగింది. “ఆ పళ్ళెంలో కాజాలు… మా వంటవాడు చేసినవే. ఇంకెవడూ అంత లావు చెయ్యడు.”

 గాయత్రి తలొంచుకుని, “కొండలరావు బాబాయ్ గారే తెచ్చేరండి. మేళం లేకుండా పెళ్ళేంటన్నారు. మీ పెళ్ళి వదిలొచ్చేరని తెలిస్తే మీ బేరం పోద్దని, తన పేరు చెప్పొద్దన్నారు” అంది.

 ప్రెసిడెంటు గారి భుజాలు ఊగడం మొదలెట్టాయి. ఏడుస్తున్నారేమో అనుకున్నాను. నవ్వుతున్నారు.

“నా ఫోటోగ్రాఫరు, నా మేళం, నా కాజాలు. ఈ పెళ్ళికి నేను సాక్షిని కాకపోతే ఇంకెవరమ్మా సాక్షి? కాగితం ఇలా తే.”

స్టూడియో బల్ల మీదే రాసిచ్చారు. గాయత్రి ఆ కాగితం అందుకుని ఆయన కాళ్ళకి దణ్ణం పెట్టి, అప్పుడు ఏడ్చింది. అన్నాళ్ళదీ కలిపి ఏడ్చింది. దుర్గమ్మ కూతుర్ని పట్టుకుని నిలబడింది.

ప్రెసిడెంటు గారు చెప్పులేసుకుంటూ మా ఆయన వైపు చూడకుండా నాతో అన్నారు. “వైశాఖంలో మా అబ్బాయి పెళ్ళికి మీరూ రండమ్మా. భోజనాలయ్యేదాకా మీ ఆయన చెయ్యి వదలొద్దు.”