మండోదరిని కోసిన చెయ్యి

మధ్యాహ్నం అంట్లు కడిగి, చేతులు పొడిగా తుడుచుకొని, సౌందర్య అద్దపు పలక ముందు కూర్చుంది. తడిగుడ్డలో చుట్టిన పాత తోలుబొమ్మ పొద్దుటి నుంచి మెత్తబడుతోంది. ఎండుతోలు మీద బ్లేడు పెడితే విరుగుతుంది, మరీ నానితే రంగు కారుతుంది. ఆ మధ్యస్థం ఎక్కడుందో ఆ ఇంట్లో ఆమె వేళ్లకే తెలుసు. అయినా ఆమె భర్త హర్ష బయటికి పోతూ పోతూ, "మొగం కాడ నిదానంగా కొయ్యి, గీత పడితే ఎవరూ తీసుకోరు" అని చెప్పే పోయినాడు, తానే నేర్పినట్లు.

ఒకప్పుడు అతనికి సండూరు గనుల్లో లారీలు తిరిగేవి. గనులు మూతబడినాక లారీలు పోయినాయి. అప్పటి నుంచి పల్లెల్లో పాత సామాన్లు కొని, సేకరించేవాళ్లకు పంపే పని పట్టినాడు. నిలువెత్తు బొమ్మను పెట్టుకునే గోడ పట్నాల్లో ఎవరికుంది? తల ఒక పటం, చెయ్యి ఒక పటం, అందెల కాలు ఒక పటం చేస్తే ఒక్క బొమ్మ పద్నాలుగిండ్లకు పోతుంది. "కోస్తే మళ్లా రాదు కదా" అని మొదట్లో సౌందర్య అడిగింది. "పెట్టెలో ఎలుకలు తింటాండాయి. దానికంటే పద్నాలుగు మంది చూసేది మేలు కదా" అన్నాడు. ఎలుకలు కొరికిన అంచులు ఆమే చూసింది. కాదనలేకపోయింది. ఆమె డ్రాయింగు పరీక్ష పాసైన మనిషి. పెళ్లయిన కొత్తలో బడిలో పని వస్తే, అత్త నాగలక్ష్మమ్మ "జీతానికి పోయేంత కరువు మన ఇంట్లో లేదు" అని ఆపేసింది. ఇప్పుడు అదే చేతితో పొద్దంతా కోస్తుంటే, వచ్చినవాళ్లతో "తోచక ఏదో చేసుకుంటాది" అంటుంది. పటం వెనక అతికించే కాగితంలో ఉండేది హర్ష పేరు. పదిహేడేండ్లలో ఆ చేతిని బాగుందని ఎవరూ అనలేదు, ఆమె కూడా అనుకోవడం మానేసింది.

ఆ మధ్యాహ్నమే ఒక ముసలామె గేటు తీసుకొని వచ్చింది. తెక్కలకోట నుంచి బస్సులో వచ్చానంది. పేరు దుర్గక్క, బొమ్మలాడించే ఇంటి మనిషి.

"మా పెట్టె ఈడికే వచ్చిందంట. నా కొడుకు నాకు చెప్పకుండా ఇచ్చేసినాడు. అడిగి తీసకపోను తల్లీ. ముప్పై ఏండ్లు తెర ఎనకాల పాడినా. ఒగసారి సూసి పోతా."

"అమ్మినాక చూసేదేముంటాది? నీళ్లిచ్చి పంపు సౌందర్యా" అంది మంచం మీది నుంచి నాగలక్ష్మమ్మ.

సౌందర్య నీళ్లిచ్చింది. పంపలేకపోయింది. లోపలికి పోయి, పోయిన వారం కోసిన ముక్కలున్న పళ్లెం తెచ్చి ముందు పెట్టింది. దుర్గక్క నేల మీద కూర్చొని ఒక్కొక్కటే పేర్చింది. తల, మెడ, కుడిచెయ్యి, నడుము, కుచ్చిళ్లు. ఎడమచేతి చోటు ఖాళీగా మిగిలింది.

"అది బెంగళూరు పోయింది అక్కా" అంది సౌందర్య మెల్లగా.

"మండోదరి ఈమె. ఈమెకు గొంతు నాదే" అంది దుర్గక్క. "బొమ్మ పాడైతే తుంగభద్ర హొళెలో ఇడుస్తాం తల్లీ. మనిషి పోయినట్లే ఏడుస్తాం. కొయ్యం." అంచు మీద బొటనవేలు పెట్టి చివరిదాకా జరిపింది. "కోసినోళ్ల చెయ్యి మాత్రం మంచిది. యాడా చిరగలేదు. ఎవురు కోసినారు?"

"మా హర్షే" అంది నాగలక్ష్మమ్మ.

ఆ పొగడ్త సౌందర్యది, ఆ పాపమూ ఆమెదే. రెండూ హర్ష ఖాతాలోకే పోయినాయి. మొదటిది తనదని చెప్పుకోవాలనిపించింది. రెండోదానికి హమ్మయ్య అనిపించింది. అలా అనిపించినందుకు తన మీద తనకే అసహ్యం వేసింది. "మిగిలిన బొమ్మలు మూడు కొయ్యలేదు, తీసకపోతావా?" అని దుర్గక్కను సాగనంపుతూ గేటు దగ్గర రహస్యంగా అడిగింది.

"వద్దు తల్లీ. నా కొడుకు మళ్లా అమ్ముతాడు" అని దుర్గక్క వెళ్లిపోయింది.

సాయంత్రం హర్ష వచ్చి తడిగుడ్డ విప్పినాడు. "ఇంకా కొయ్యలేదా? హైదరాబాదాయనకు మొగం రేపే పంపాల."

"నేను కొయ్యను."

"ఏంది?"

"ఇంక కొయ్యను."

అతను నవ్వినాడు. "నువ్వు కొయ్యకుంటే పని ఆగుతాదా? ఇదేం బ్రహ్మవిద్యనా?" అని బ్లేడు తీసుకొని తనే కూర్చున్నాడు. ముక్కు దగ్గర మలుపు తిరగలేదు. బ్లేడు జారి చెంప మీదుగా చెవి దాకా చీల్చింది. "నీవల్లే" అన్నాడు. "వానికి తిండి పెట్టు ముందు" అంది అత్త. సౌందర్య అన్నం వడ్డించింది. ఆ రోజు ఇంట్లో ఎవరూ ఆమెతో మాట్లాడలేదు. అంతకుముందు మాట్లాడింది ఏమిటా అని వెతుక్కుంటే, కూర, నీళ్లు, బ్లేడు తప్ప ఏమీ గుర్తు రాలేదు.

పడుకోబోయే ముందు బీరువాలో తన పెళ్లిచీరలు తీసి బయట పెట్టి, మిగిలిన రెండు బొమ్మలనూ మడత పడకుండా ఆ అరలో పరిచింది. తాళం వేసి, తాళంచెవి జాకెట్లో పెట్టుకుంది. పొద్దున్నే ఎవరినీ అడగకుండా తెక్కలకోట బస్సెక్కింది.

దుర్గక్క ఇంటి ముందు బియ్యం చెరుగుతోంది. చాట పక్కన పెట్టి, "ఏం తల్లీ, ఇట్లొచ్చినావ్?" అంది.

సౌందర్య కుడిచేతిని ఆమె ముందుకు చాపింది.

"నిన్న నువ్వు మంచిదన్న చెయ్యి ఇదే అక్కా."